కమిటీ అధ్యక్షురాలి సంతకం

జూన్ 12, గురువారం

స్కూళ్ళు తెరిచారు. బ్లెస్సీని మంగాయమ్మ స్కూల్లో దించి పోస్టాఫీసుకు వచ్చేసరికి తొమ్మిదిన్నర. కొత్తపేట నుంచి టపా సంచి రావడానికి ఇంకా గంట ఉంది. ఈ గంటలో ఇకనుంచి ఏదో ఒకటి రాసుకోవాలి. శ్యామ్‌తో ఫోన్లో అన్నీ చెప్పలేకపోతున్నాను. కువైట్లో ఆ ఎండలో లారీ తోలి వచ్చిన మనిషికి ఏం చెబుతాం?

బ్లెస్సీకి పద్నాలుగేళ్ళు నిండాయి. మాట రాదు, బొత్తాం పెట్టుకోవడం రాదు, పరుగు మాత్రం వస్తుంది. రోడ్డు కనబడితే పరుగే, నీళ్ళు కనబడితే పరుగే. మూడు స్కూళ్ళు వద్దన్నాక శ్రీరామచంద్రమూర్తి మాస్టారు ఒక్కరే "తీసుకురా అమ్మా రాణీ, చూద్దాం" అన్నారు. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు. రిటైరయ్యాక వాళ్ళమ్మగారు మంగాయమ్మ పేరున సేవా సంఘం పెట్టి, కాలవ గట్టు మీద ఇలాంటి పిల్లల కోసం స్కూలు, దూరం నుంచి వచ్చేవాళ్ళకి హాస్టలు కట్టారు. గవర్నమెంటు గ్రాంటు వస్తుంది. ఆయనే లేకపోతే నేను ఈ పోస్టుమాస్టరు ఉద్యోగం ఎప్పుడో మానేసేదాన్ని.

ఈ ఏడు కూడా పేరెంట్స్ కమిటీకి అధ్యక్షురాలివి నువ్వేనమ్మా అన్నారు. మూడో ఏడు. సరేనన్నాను.

రాత్రి మళ్ళీ తీశాను పుస్తకం. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు బ్లెస్సీ ఎడమ చీలమండ చుట్టూ ఎర్రగా గీత కనబడింది. సాక్సు రబ్బరు బిగుతుగా ఉన్నట్టుంది.

జూన్ 14

కొత్త సాక్సులు కొన్నాను. ఒక సైజు పెద్దవి.

జూన్ 30, సోమవారం

వీరవేణి వచ్చింది పోస్టాఫీసుకి. స్కూల్లో ఆయా. ఐదేళ్ళుగా బ్లెస్సీకి అన్నం కలిపి పెట్టిన మనిషి. స్కూలు తెరిచినప్పటినుంచి గేటు దగ్గర కనబడకపోతే సెలవేమో అనుకున్నాను. ఆర్.డి. పుస్తకం ఇచ్చి, మూసెయ్యండి అంది.

"గడువు ఇంకా ఏడాది ఉంది కదా?"

"పన్లోంచి తీసేసేరండి. మా ఆయన కొబ్బరి దింపుకెళ్ళి చెట్టు మీంచి పడ్డ కాణ్ణించీ మంచంలోనే ఉన్నాడు కదండి. డబ్బు సరిపోటం లేదు."

ఎందుకు తీసేశారని అడిగాను. జీతం పన్నెండు వేలు బ్యాంకులో పడుతుందట. మర్నాడు అందులో ఏడు వేలు తీసి ఆఫీసు గదిలో ఇచ్చెయ్యాలట. ఆయాలందరూ ఇస్తారట. ఏప్రిల్లో ఇవ్వనందిట ఈమె. నాకు తలుపు దగ్గర ఎవరైనా వింటున్నారేమోనని అనిపించింది.

ఫారం నింపాను. వేలిముద్ర వేసి, తుడుచుకుంటూ అలాగే నిలబడింది.

"ఇంకోటి చెప్పాలండి మీకు."

"చెప్పు."

"మజ్జానం అన్నాలయ్యాక పారిపోయే పిల్లల్ని మంచాలకి కడతామండి. పాపని కూడానండి. నేనున్నప్పుడు నేనే కట్టేదాన్నండి, పాత చీర ముక్కతో. ఇప్పుడున్నోళ్ళు తాడు వాడతన్నారంటండి."

"పని పోయిందన్న కోపంతో ఇలాంటి మాటలు అనకు వీరవేణీ" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. మూల కూర్చుని ఉత్తరాలు సర్దుకుంటున్న పోస్ట్‌మన్ లోవరాజు తలెత్తి చూశాడు. అతనెప్పుడూ పని మధ్యలో తలెత్తడు.

"ఆయ్. అలాగేనండి" అని పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

జూలై 2, బుధవారం

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పోస్టాఫీసు కట్టేసి, ఎవరికీ చెప్పకుండా స్కూలుకి వెళ్ళాను. గేటుకి తాళం. వాచ్‌మన్ లోపలికెళ్ళి ఇరవై నిమిషాలకి వచ్చి తీశాడు. మాస్టారు వరండాలోకి ఎదురొచ్చి, ఎండన పడి వచ్చావేమ్మా అని మజ్జిగ ఇప్పించారు. పిల్లలు వరుసగా చాప మీద కూర్చుని ఉన్నారు. బ్లెస్సీని తీసుకొచ్చారు. మొహం కడిగి, పౌడరు రాసి ఉంది. నన్ను చూసి నవ్వింది.

"నువ్వేమన్నా పరాయిదానివా రాణీ? ఎప్పుడైనా రావచ్చు. ఒక్క ఫోన్ చేసి రా, చాలు" అన్నారు మాస్టారు.

అంతా బాగానే ఉంది. వీరవేణి మీద జాలి వేసింది.

జూలై 3

రెండో కాలికి కూడా ఉంది. సాక్సులు రెండు కాళ్ళకీ వేస్తాం కదా.

జూలై 24, గురువారం

ఇవాళ ఇన్‌స్పెక్షను. కమిటీ అధ్యక్షురాలు ఉండాలన్నారని సెలవు పెట్టి వెళ్ళాను. వేదిక మీద కుర్చీ, బొకే.

స్కూల్లో పిల్లలు ముప్పై ఏడుగురు. రోజూ గేటు దగ్గర చూసేదాన్ని, నాకు తెలుసు. ఇవాళ అరవై మంది ఉన్నారు. ఏడింటికే ఆటోల్లో ఎక్కడెక్కడి పిల్లల్నో తెచ్చి మధ్యమధ్యలో కూర్చోబెట్టారు. మాట్లాడకూడదని చెప్పినట్టున్నారు, నోటి మీద వేలేసుకుని కూర్చున్నారు పాపం. మూడో వరసలో మా చర్చిలో సండే స్కూలుకొచ్చే పాప. నన్ను చూసి "ఆంటీ" అని చెయ్యి ఊపింది. నేను బొకే చూసుకున్నాను.

వచ్చిన ఆఫీసరు ఆ వరస దగ్గరే ఆగి, ఆ పాపనే నీ పేరేంటమ్మా అని అడిగారు. అది పేరు చెప్పి, అడక్కపోయినా ఏడో ఎక్కం మొదలుపెట్టింది. ఏడు తొమ్ముళ్ళు దాకా వచ్చేసింది. మాస్టారు నవ్వుతూ, "మా టీచర్ల కష్టమండి" అన్నారు. ఆఫీసరు ఆయన మొహంలోకి ఒకసారి, పాప మొహంలోకి ఒకసారి చూసి, ముందుకి నడిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తరవాత కాగితం. పిల్లలు అరవై, ఆయాలు ఎనిమిది, ప్రభుత్వ నిధులు సక్రమంగా ఖర్చు చేయబడుచున్నవి, పిల్లల ఆలనాపాలనా సంతృప్తికరం. ఆయాలు ముగ్గురే. "ఇక్కడమ్మా" అని మాస్టారు వేలు పెట్టి చూపించారు. ఎనిమిదో తరగతిలో బోర్డు మీద తప్పు చేసినప్పుడు కూడా అలాగే వేలు పెట్టి చూపించేవారు. పెట్టాను. ఎస్తేరు రాణి, అధ్యక్షురాలు, పేరెంట్స్ కమిటీ.

అరవై అని రాస్తే ఆ ఎక్కువ గ్రాంటు కూడా ఈ పిల్లలకే కదా వస్తుంది.

ఆగస్టు 15

జెండా. బ్లెస్సీ రెండు లడ్డూలు తింది.

ఆగస్టు 23

ఏమీ లేదు రాయడానికి.

ఆగస్టు 29

కొత్తపేట బజార్లో వీరవేణి కనబడింది. చూడనట్టు పక్క షాపులోకి వెళ్ళిపోయాను. అక్కడ కొనడానికి ఏమీ లేదు. ఒక ప్లాస్టిక్ బకెట్ కొన్నాను.

సెప్టెంబరు 9, మంగళవారం

రెండున్నరకి ఫోన్. "పాపకి చిన్న దెబ్బ తగిలిందండి, కంగారు పడకండి." వెళ్ళేసరికి వరండా మెట్ల కింద దుమ్ములో కూర్చోబెట్టి ఉన్నారు. ఎడమ చెయ్యి మోచేతి కింద వంకర తిరిగి ఉంది. ఏడవడం లేదు. అది బాగా నొప్పేస్తే ఏడవదు. వరండా అంచున ఇనప మంచం ఒకటి తలకిందులుగా పడి ఉంది. దాన్ని అప్పుడే ఇద్దరు లోపలికి మోసుకుపోతున్నారు.

ఆటోలో కొత్తపేట ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు ఎముకలూ విరిగాయి. కట్టు వేస్తుంటే డాక్టరుగారు పాప కాళ్ళు చూశారు. గౌను కొంచెం పైకి జరిపి మళ్ళీ చూశారు.

"ఇదేంటమ్మా?"

"సాక్సు రబ్బరండి."

ఆయన పెన్ను పట్టుకుని కాసేపు నా వంక చూశారు. నేను ఇంకేమన్నా చెబుతానేమోనని ఆగినట్టున్నారు. తరవాత చీటీలో ఏదో రాసుకున్నారు.

సెప్టెంబరు 10

సాక్సు కాదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

పాపని పక్కింటివాళ్ళ దగ్గర వదిలి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆఫీసు గదిలో ఒక్కరే ఉన్నారు. దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళిన మాటలన్నీ పోయాయి.

"పిల్లల్ని కట్టెయ్యడం నిజమేనా మాస్టారూ?"

కాదంటారనుకున్నాను. కాదంటే నమ్ముదామనే వెళ్ళానేమో కూడా. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నిజమే అమ్మా."

మేడ మీద టైల్స్ కోస్తున్న చప్పుడు. అక్కడ వాళ్ళబ్బాయి కిషోర్ కంప్యూటర్ కోచింగ్ పెడతాడని ఊళ్ళో అందరికీ తెలుసు.

"ముప్పై ఏడుగురు పిల్లలు, ముగ్గురు ఆయాలు. అన్నాలయ్యాక ఒకళ్ళు గిన్నెలు తోమాలి, ఒకళ్ళు తడిపిన బట్టలు ఉతకాలి. మిగిలింది ఒక్క మనిషి. గేటవతల కాలవ. నువ్వు లెక్కల్లో ఎప్పుడూ ముందుండేదానివి కదా, నువ్వే చెప్పు, ఎలా చూడాలి?"

"ఆయాలు ఎనిమిది మంది అని రాశారు కదండీ. నేను సంతకం పెట్టాను."

"పెట్టావు" అన్నారు.

కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు అన్నారు.

"మిగతా ఐదుగురి జీతాలు ఏమవుతున్నాయి మాస్టారూ?"

"గ్రాంటు ఏడాది ఆలస్యంగా వస్తుంది. ఆ ఏడాదంతా బియ్యం ఎవరిస్తారు? వచ్చాక దాంట్లోంచి ఎవరెవరికి ఎంత ఇవ్వాలో నీకు తెలీదు. తెలుసుకోకు కూడా. నా రెండెకరాల చేను తాకట్టులో ఉంది, అదీ నీకు తెలీదు."

మేడ గదులు పిల్లల కోసమా అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన లేచి బీరువాలోంచి ఐదు వేలు తీసి, పాప కట్టు ఖర్చులకి అని నా చేతిలో పెట్టబోయారు. తీసుకోలేదు. వచ్చేటప్పుడు మాత్రం అలవాటు కొద్దీ, "వెళ్ళొస్తానండి మాస్టారూ" అన్నాను. "జాగ్రత్తగా వెళ్ళమ్మా" అన్నారు.

సెప్టెంబరు 14, ఆదివారం

చర్చి నుంచి వచ్చి వీరవేణి ఇంటికి వెళ్ళాను. తాటాకుల పాక, ముందు అరుగు. పీట వేసింది. ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడుగుదామని వెళ్ళి, టీ తాగి, అర్జీ రాస్తాను, నాతో వస్తావా అని అడిగాను.

"వత్తానండి" అంది. ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

సెప్టెంబరు 22, సోమవారం

అమలాపురం కలెక్టరేటుకి వెళ్ళి అర్జీ ఇచ్చాము. సోమవారం అర్జీలు తీసుకునే రోజు కదా, జనం. బ్లెస్సీని మధ్యలో కూర్చోబెట్టుకుని ఇద్దరం రెండు చేతులూ పట్టుకున్నాము. కట్టు ఉన్న చెయ్యి నావైపు. నాలుగు పేజీలు రాశాను. పిల్లల సంఖ్య, ఆయాల సంఖ్య, జీతాలు వెనక్కి తీసుకోవడం, కట్టెయ్యడం, చెయ్యి విరగడం. వీరవేణి చెప్పింది చెప్పినట్టు ఆమె పేరుతోనే రాశాను. చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది. కంప్యూటర్లో ఎక్కించి రసీదు ఇచ్చారు. మర్యాదగానే మాట్లాడారు.

బస్సు ఎక్కాక వీరవేణి సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తీసి ఒక్కొక్కటీ ఒలిచి పాప నోట్లో పెట్టింది. చాలా రోజుల తరవాత హాయిగా అనిపించింది.

సెప్టెంబరు 23

శ్యామ్‌కి చెప్పాను. "మనకెందుకు రాణీ, మానిపించేస్తే సరిపోయేది కదా" అన్నాడు. మానిపిస్తే మిగతా పిల్లలో అన్నాను. "మిగతా పిల్లలకి వాళ్ళ అమ్మానాన్నలున్నారు" అన్నాడు.

సెప్టెంబరు 30

వాళ్ళ అమ్మానాన్నలు వచ్చారు.

విజయదుర్గ ముందు వచ్చింది. ఐదేళ్ళ నుంచి గేటు దగ్గర పొద్దున్నా సాయంత్రం కబుర్లు చెప్పుకునేవాళ్ళం. వాళ్ళబ్బాయికి పన్నెండేళ్ళు, రోజుకి రెండుసార్లు ఫిట్స్ వస్తాయి. ఐదెకరాల కొబ్బరితోట ఉంది, మనుషులే లేరు. ఆమె వెనక ఇంకో ఐదారుగురు, పోస్టాఫీసు అరుగు మీద. ఒకాయన చేతిలో తెల్లకాగితం ఉంది. మా పిల్లలు బాగున్నారు, స్కూలు నడవాలి అని.

"మూయించేత్తారాండీ స్కూలు?" అంది విజయదుర్గ.

"మూయించమని రాయలేదు. సరిగ్గా నడిపించమని రాశాను."

"గ్రాంటు ఆపేత్తే మూసేసినట్టే కదండీ."

"మీ అబ్బాయిని కూడా కడుతున్నారు. మీకు తెలుసా?"

ఆమె కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది. మిగతావాళ్ళు ఎటో చూస్తున్నారు.

"తెలుసండి" అంది చివరికి. "కట్టినా పరవాలేదండి. బతికుంటే చాలు. మీకు గవర్నమెంటు ఉద్యోగం, మీరు ఎలాగోలా చూసుకుంటారు. మేం ఎక్కడ పెట్టుకోవాలండి?"

నాది పూర్తి గవర్నమెంటు ఉద్యోగం కాదని, పల్లె పోస్టాఫీసు జీతం ఎంతో చెప్పి ఏం లాభం? పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు ఆ కాగితం మీద. పై నుంచి రెండోది విజయదుర్గది.

అక్టోబరు 16, గురువారం

విచారణ. రాయాలంటే చెయ్యి రావడం లేదు. రాస్తాను.

అమలాపురం నుంచి ఒక ఆఫీసరు, ఒక గుమాస్తా. విచారణ స్కూల్లోనే, మాస్టారి గదిలోనే, మాస్టారు పక్కన కూర్చుని ఉండగానే. ఆయన లేకుండా మాట్లాడతానన్నాను. "సంస్థ తరఫున వారు ఉండాలి కదమ్మా" అన్నారు. వరండాలో పిల్లలు. కొత్త ఆయాలు ఐదుగురు, ఇస్త్రీ చీరల్లో. ఎవరికీ ఏ పిల్ల పేరూ తెలియదు. విజయదుర్గని పిలిచారు. "మా వాణ్ణి బాగానే చూత్తన్నారండి" అని నేల చూస్తూ చెప్పి వెళ్ళిపోయింది.

తరవాత నన్ను. ఆఫీసరు ఒక ఫైలు నావైపు తిప్పారు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదేనండి."

ఇంకో కాగితం. "ఇది?"

"నాదేనండి."

మూడేళ్ళవి ఆరు కాగితాలు. ఆరూ నావే. పిల్లలు అరవై. ఆయాలు ఎనిమిది. సంతృప్తికరం.

"అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా?"

"అప్పుడేనండి" అన్నాను. నిజంగా అన్నాను, గొంతు బయటికి వచ్చిందో లేదో. గుమాస్తా ఏం రాసుకున్నాడో కనబడలేదు. పాప కాళ్ళ గురించి చెప్పాను. ఆయన ఇంకో కాగితం తీశారు, ఎముకల డాక్టరుగారి కేసు షీటు. రెండు కాళ్ళకీ వలయాకారపు ఒరిపిడి గుర్తులు, సాక్సు ఎలాస్టిక్ వల్ల అని తల్లి చెప్పారు. ఆ రోజు ఆయన రాసుకున్నది అదన్నమాట.

మాస్టారు ఒక్కసారి కూడా నా వంక కోపంగా చూడలేదు. మధ్యలో మంచినీళ్ళ గ్లాసు నావైపు జరిపారు.

ఆఖరున వీరవేణి.

"పిల్లల్ని మంచాలకి కట్టడం నువ్వు చూశావా?"

"నేనే కట్టేనండి."

"నీకు ఎవరైనా చెప్పారా కట్టమని? కాగితం మీద రాసిచ్చారా?"

"కాగితం ఎవరిత్తారండీ? కట్టకపోతే ఎలా చూడాలండి అంతమందిని?"

"చెప్పారా లేదా?"

ఆమె మాస్టారి వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఎవరూ నోటితో చెప్పలేదండి. నేను చేరేటప్పటికే కడతన్నారండి" అంది.

గుమాస్తా రాసుకున్నాడు. ఏది రాసుకున్నాడో, ఏది వదిలేశాడో.

అక్టోబరు 17

మాస్టారు లేనప్పుడు తెలిసినవాళ్ళని పెట్టి వీడియో తీసి ఉండాల్సింది. ముందే పిల్లల్ని లెక్కపెట్టి తేదీలు రాసి ఉండాల్సింది. డాక్టరుగారికి నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పి ఉండాల్సింది.

అక్టోబరు 29, బుధవారం

నిన్న తుఫాను. రెండు రోజులుగా కరెంటు లేదు, ఊరంతా చెట్లు పడి ఉన్నాయి. లోవరాజు సైకిలు మోసుకుంటూ వచ్చాడు. విజయదుర్గ ఎదురుపడి, నేను అడక్కుండానే చెప్పింది. గాలి మొదలవకముందే మాస్టారు హాస్టలు పిల్లలందర్నీ హైస్కూలుకి మార్చి, రెండు రోజులు అక్కడే ఉండి, తనే వండి పెట్టారట. ఒక పిల్ల భయపడి అరుస్తుంటే ఒళ్ళో వేసుకుని కూర్చున్నారట.

అదీ నిజమే అయి ఉంటుంది. అదీ రాసుకోవాలి కదా.

నవంబరు 19, బుధవారం

సంచిలో రెండు రిజిస్టర్ ఉత్తరాలు, అమలాపురం నుంచి. ఒకటి నాకు. ఒకటి వీరవేణికి. రెండిటి మీదా తేదీ ముద్ర నేనే వేశాను.

నాది ముందు విప్పాను. ఆరోపణలు చాలావరకు నిరూపణ కాలేదు. నిధుల వినియోగం గురించి పేరెంట్స్ కమిటీ అధ్యక్షురాలే మూడేళ్ళుగా ధ్రువీకరించి ఉన్నారు. పాప గాయం ప్రమాదవశాత్తు జరిగినది. పిల్లలను కట్టివేయుట వాస్తవమే అయినప్పటికీ, అందుకు బాధ్యురాలైన ఆయాను యాజమాన్యం ఏప్రిల్ మాసంలోనే తొలగించి సత్వర చర్య తీసుకున్నది.

రెండుసార్లు చదివాను. మూడోసారి లోవరాజుకిచ్చి చదవమన్నాను, నేనే తప్పు చదువుతున్నానేమోనని. అతను పెదాలు కదుపుతూ మొత్తం చదివి, మడిచి నా చేతికిచ్చి, "ఆమెది నేనిచ్చి రానాండీ?" అన్నాడు.

"వద్దు. నేనిస్తాను" అన్నాను.

నవంబరు 20

నిన్న మిగతాది రాయలేకపోయాను.

వీరవేణి అరుగు మీద కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది, చీపుళ్ళకి. లోపల మంచం మీద వాళ్ళాయన. ఉత్తరం ఇచ్చి సంతకం గళ్ళో వేలిముద్ర వేయించాను. చదవమంది. చదవడం రాదు కదా ఆమెకి. మొదటి రెండు లైన్లూ దాటేసి ఏదో ఒకటి చెబుదామా అనిపించింది. ఇప్పటికే చాలా అబద్ధాలు రాశాను, చెప్పాను. మొత్తం చదివాను. మైనరు పిల్లలను మంచాలకు కట్టివేసినట్లు స్వయంగా అంగీకరించినందున, ఇకపై బాలల సంస్థలలో, వసతి గృహాలలో ఎట్టి పనికీ అనర్హురాలు. కేసు పెట్టకుండా ఉండుటకు కారణం పదిహేను రోజులలో తెలుపవలెను.

వచ్చే నెల నుంచి ఊబలంక దగ్గర హాస్టల్లో వంటమనిషి పని ఇస్తామన్నారట ఆమెకి. అది నాకు తెలియదు. చదవడం అయ్యాక చెప్పింది.

"ఇది అన్యాయం. పై వాళ్ళకి మళ్ళీ రాద్దాం" అన్నాను.

"ఆళ్ళు రాసింది అబద్ధం కాదు కదండీ. నేను కట్టింది నిజవే."

"నీ ఒక్కదాని పేరే రాశారు వీరవేణీ."

"మంచాల కాడ ఉన్నది నేనొక్కదాన్నే కదండీ" అంది, ఈనె గీస్తూనే.

నేను రాయకపోతే ఈ ఉత్తరం రాదు. ఆ నాలుగు పేజీల్లో ఆమె మాటల్ని ఆమె పేరుతో పెట్టింది నేను. వేలిముద్ర వేసే చోటు చూపించింది నేను. వేలు పెట్టి, ఇక్కడ అని.

లేవబోతుంటే, "మీరు బాధపడకండి. పాపని ఇప్పుడెక్కడ ఉంచుతున్నారు?" అని అడిగింది.

పోస్టాఫీసులోనే అన్నాను. రెండు నెలలుగా బల్ల కిందే కూర్చోబెట్టుకుంటున్నాను. మొన్న తనిఖీకి వచ్చినాయన, ఇలా కుదరదమ్మా, ఏదో ఒక ఏర్పాటు చూసుకోండి అని మంచిగానే చెప్పి వెళ్ళారు.

"నా కాడ వదలండి. ఎలాగా ఇంటికాడే ఉంటాను" అంది. నా మొహంలో ఏం కనబడిందో, "ఒక్కర్తే కదండీ. కట్టక్కర్లేదు" అంది.

నవంబరు 24

బ్లెస్సీని వీరవేణి దగ్గర దించాను. నెలకి మూడు వేలు ఇస్తానన్నాను. రెండు చాలంది.

నవంబరు 27

కారణం తెలుపుతూ ఆమె తరఫున జవాబు రాశాను. ఏం రాసినా ఆమె కట్టిన మాట కాగితం మీద అలాగే ఉంటోంది. ఐదుసార్లు చింపి, ఆరోది పంపాను.

డిసెంబరు 3

కొత్తపేటలో దివ్యాంగుల దినోత్సవం జరిగిందట. మాస్టారికి శాలువా కప్పారట. లోవరాజు పేపరు తెచ్చాడు. నేను చూస్తున్నానని గమనించి ఆ పేజీ మడిచేశాడు.

డిసెంబరు 8

జవాబు రాలేదు. సంచి వచ్చినప్పుడల్లా ముందు అదే వెతుకుతున్నాను.

డిసెంబరు 11, గురువారం

పన్నెండింటికి ఒకమ్మాయి వచ్చింది, ఆలమూరు నుంచి. సాయిదుర్గట. పాతికేళ్ళు కూడా ఉండవు. మనియార్డరుకో దేనికో అనుకున్నాను. రాణిగారంటే మీరేనాండీ అంది. స్కూలు బోర్డు మీద అధ్యక్షురాలని ఇంకా నా పేరే ఉందట. ఎవరో ఫోటో తీసి పంపారట. ఎవరినన్నా తెలిసినవాళ్ళని అడిగి చేర్పిద్దామని రెండు బస్సులు మారి వచ్చింది.

ఆరేళ్ళ కూతురుట. నిలబడుతుందట, నడుస్తుందట, చెప్పింది తెలియదట. మంట కనబడితే చెయ్యి పెట్టేస్తుందట. భర్త వదిలేసి పోయాడు. ఈమె కూలికెళ్ళాలి.

కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. ఏదీ దాచలేదు. సంతకాలు కూడా చెప్పాను. ఎదురుగా మనిషిని పెట్టుకుని మొత్తం చెప్పడం ఇదే మొదటిసారి. చెబుతుంటే ఒకరినైనా ఆపగలిగానని లోపల్లోపల కొంచెం సంతోషంగా కూడా ఉంది.

ఆమె మధ్యలో అడ్డురాకుండా మొత్తం విన్నది.

"రోజూ కడతారాండీ?" అంది.

"రోజూ."

"ఎంతసేపండీ?"

"మధ్యాహ్నం అన్నాలయ్యాక. రెండు గంటలు, ఒక్కోసారి మూడు."

ఆమె చేతిసంచి ఒళ్ళోకి తీసుకుంది. కాసేపు గోడ మీద ఉన్న పొదుపు పథకాల కాగితం చూస్తూ కూర్చుంది.

"నేను పొద్దున్న ఏడింటికి కట్టి పోతన్నానండి, మంచం కోడుకి. సాయంత్రం అయిదింటికి వచ్చి విప్పుతాను" అంది.

లోవరాజు ముద్రలు వేస్తున్నవాడు ఆగిపోయాడు.

"వేరే ఎక్కడన్నా ఉందాండీ, ఇక్కడ కాకుండా?" అని అడిగింది. లేదన్నాను. వీరవేణి గురించి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆలమూరు నుంచి రోజూ తేవాలి. ఒక్కర్తే కదండీ అన్న మాట గుర్తొచ్చింది. చెప్పలేదు.

"స్కూలు ఎటండీ ఇక్కణ్ణించి?"

కాలవ గట్టు పట్టుకుని తిన్నగా వెళ్తే ఎడంచేతి వైపు ఆకుపచ్చ గేటు అని చెప్పాను. ఇప్పుడు ఒంటిగంటకి కాకుండా రేపు పదకొండుకి వెళ్తే మాస్టారు ఉంటారని కూడా చెప్పాను. రేపు మళ్ళీ రాలేనండి అంది. అరుగు దిగి, చెప్పులు వేసుకుని, ఎండలో అటే నడిచి వెళ్ళింది.